వాసవాంబ తుడిచిన సముద్రం

మా వదిన వాసవాంబకు చెవులు ఎక్కువ. మా అన్న కోదండరాంకు తక్కువ. అన్న మద్రాసు పక్కన మనలి అనే ఊళ్ళో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో బాయిలర్ పక్కన ఉద్యోగమంతా నిలబడి రిటైరయ్యాడు. ఆయన టీవీలో వార్తలు పెట్టాడంటే వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరున్న వాళ్ళకు వేరే పేపరు అక్కర్లేదు. వదిన అలా కాదు. పక్కింటి కుక్కరు ఈల విని, రబ్బరు మార్చుకోమని వాళ్ళకు కబురు పెడుతుంది. ఈ ఇద్దర్నీ ఏ దేవుడు జత చేశాడో గాని, కోడంబాక్కంలో మా ఇంటి పై వాటాలో కాపురం పెట్టించాడు. కింది వాటా నాది. నా పేరు పుష్పవల్లి. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్నారు కాబట్టి వదిన సంగతుల్లో సగం పెత్తనం నాదే. నాకు నోరు ఎక్కువని వీధిలో అనుకుంటారు. అనుకోనీండి.

వదిన చేసే పని చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు. సినిమాల్లో చప్పుళ్ళు తీసెయ్యడం ఆమె పని. చప్పుళ్ళు పెట్టేవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళకు కాస్త పేరూ ఉంటుంది. ఈవిడది తీసేసే పని. షూటింగులో హీరోయిన్ కుమిలి కుమిలి ఏడుస్తుంటే సరిగ్గా అప్పుడే పైన కాకి అరుస్తుంది. మద్రాసులో కాకి అరవని చోటు ఎక్కడుంది? ఆ కాకినీ, దూరంగా పోయే ఆటో హారన్‌నూ, జనరేటర్ గురగురనూ, లైటు పట్టుకున్నవాడి దగ్గునూ ఏడుపు చెడకుండా తీసెయ్యాలి. ఇంట్లో బియ్యంలో రాళ్ళు ఏరినట్టే కంప్యూటర్ ముందు కూర్చుని ఏరుతుంది. స్టూడియోల్లో ఆమెను ‘కాక్కా వాసవి’ అంటారు. తమిళంలో కాక్కా అంటే కాకి. ఎవరైనా అలా పిలిస్తే నాకు ఒళ్ళు మండేది, ఆమె మాత్రం నవ్వుతూ పలికేది.

వాళ్ళ పనిలో ఒక ఆచారముంది. లొకేషన్‌లో పట్టిన అసలు శబ్దాన్ని మదర్ అంటారు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కాపీ తీసుకుని, ఆ కాపీ మీదే కత్తెర ఆడించాలి. టేపుల రోజుల్లో మదర్ ఉన్న డబ్బాకు బొట్టు పెట్టి బీరువాలో దాచేవారట. టేపులు పోయి హార్డ్ డిస్కులు వచ్చినా వదిన బొట్టు మానలేదు. అన్న వెక్కిరించేవాడు, డిస్కుకు తాళి కూడా కట్టమని.

ఈమధ్య ఆ పని తగ్గింది. బటన్ నొక్కితే కాకీ, ఆటోవాడూ ఒకేసారి మాయమయ్యే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వదిన దిగులు పడే మనిషి కాదు గాని, పొద్దున్నే తయారై స్టూడియోకు వెళ్ళి పదకొండుకల్లా తిరిగొస్తుంటే నాకే మనసు ఉండబట్టేది కాదు. అలాంటప్పుడు కార్తీక వచ్చింది.

కార్తీక మాకు చుట్టం. జార్జి టౌన్‌లో తాళ్ళ కొట్టు వరదరాజులు కూతురు. పడవలకు తాళ్ళు అమ్మే ఇంట్లో పుట్టి, సముద్రం గురించే చదివి, తరమణి వైపు ఒక పరిశోధనా సంస్థలో సైంటిస్టు అయింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది, కానీ భయం వేసినా సంతోషం వచ్చినా తమిళంలోకి దూకుతుంది. ఆ రోజు మా ఇంట్లో ఉప్మా తింటూ తన పని సంగతి చెప్పింది. దక్షిణ తీరంలో సముద్రం నడుమ గాలిమరలు పెట్టి కరెంటు తియ్యాలని సర్కారు ఆలోచన. మంచిదే. మే నెలలో ఫ్యాను ఆగినప్పుడు కరెంటు వద్దనే మహానుభావుడు ఎవడూ ఉండడు. అయితే ఆ మరలకు అడుగున ఇనుప గుంజలు దిగ్గొట్టాలి. ఆ దెబ్బల మోత నీళ్ళలో కోసుల దూరం పోతుంది. చేపలు, డాల్ఫిన్లు, అడుగున పాకే జీవాలు ఏమవుతాయో ముందే తెలుసుకోమని సర్కారే పరిశోధనకు డబ్బిచ్చింది. మొదటి ఏడాదికి ఇచ్చి, నివేదిక నచ్చితే మిగతా ఏళ్ళకు ఇస్తామంది.

గుంజలు దిగకముందు ఆ సముద్రం ఎలా వినిపిస్తుందో రికార్డు చేసి పెట్టుకోవడం మొదటి ఏడాది పని. అది ఒక్కసారే దొరికే అవకాశం. దెబ్బలు మొదలయ్యాక మునుపటి సముద్రాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? నీళ్ళలో దింపే మైకులతో శబ్దం పట్టుకొచ్చారు, కానీ అన్ని గంటల శబ్దాన్ని కూర్చుని వినే ఓపిక వాళ్ళ దగ్గర ఎవరికీ లేదు. ఎక్కడ డాల్ఫిన్ ఈల ఉంది, ఎక్కడ పడవ ఇంజను ఉంది అని గుర్తులు పెట్టాలి. కార్తీక చెప్పడం ఆపకముందే నేను వదిన వైపు చూశాను. వదిన అప్పటికే ఆ మైకు ఏ కంపెనీదని అడుగుతోంది.

అలా వదిన సర్కారు సొమ్ముతో సముద్రం వినే ఉద్యోగంలో చేరింది. నేనే వీధంతా చాటాను. ఆమె చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని గదిలో కూర్చుంటే అక్కడ చదువుకునే పిల్లలు వచ్చి డాల్ఫిన్ ఏమంటోంది ఆంటీ అని అడిగేవారట. మొగుడి మీద అరుస్తోందని చెప్పేదట. సాయంత్రం ఇంటికొచ్చి మాకు ఆ ఈలలు ఈలవేసి వినిపించేది. అన్నకు వినబడకపోయినా తల ఊపేవాడు. ఆ ఏడాది ఆ ఇంట్లో ఉన్నంత కళ నేనెప్పుడూ చూడలేదు.

మిగతా డబ్బు సంగతి తేల్చే సర్కారు కమిటీ ముందు మాట్లాడే రోజు దగ్గరపడింది. నివేదిక ముందే పంపేశారు. అక్కడ చెప్పబోయేదాన్ని ఒకసారి తమలో తాము చెప్పి చూసుకోవాలని కార్తీక అందర్నీ కూర్చోబెట్టింది. శబ్దం వేసే పని వదినది. ఇక్కడి నుంచి నేను చెప్పేది కొంత వదిన చెప్పింది, కొంత కార్తీక చెప్పింది. ఇద్దరూ అబద్ధమాడే రకం కాదు.

కార్తీక తెరమీద సముద్రం మ్యాపు చూపించి, ఒక చోట వేలు పెట్టింది. పగడపు దిబ్బలు బతికున్న చోట ఒక రకం చిన్న రొయ్యలుంటాయనీ, అవి కొండితో చిటికె వేస్తుంటాయనీ, వేలకు వేలు కలిసి వేస్తే మూకుట్లో పోపు చిటపటలాడినట్టు రాత్రింబవళ్ళు వినిపిస్తుందనీ చెప్పింది. దిబ్బ ఉన్న ఈ చోట కూడా ఆ చప్పుడు లేదు. సముద్రం నిశ్శబ్దంగా ఉంది. అంటే దిబ్బ చచ్చిపోయింది, అడుగున పెద్దగా ప్రాణులు లేవు. కాబట్టి గుంజలు దిగ్గొట్టి చూడాలంటే ముందుగా ఇక్కడ చూడవచ్చు. నివేదికలో రాసింది అదే.

వదినకు అప్పుడు తెలిసిందట. ఆ చిటపట ఆమె ప్రతి ఫైలులోనూ విన్నది. మైకు వైరు ఎక్కడో వదులై కరకరలాడుతోందనుకుంది. అందుకని డాల్ఫిన్ ఈల మీద గీత పడకుండా, ఎంతో ఓపికగా, ఆ కరకరనంతా తీసేసింది. ఎవరూ అడగలేదు. తీసినట్టు ఎవరికీ చెప్పనూ లేదు. వండేముందు బియ్యం కడిగానని ఎవరైనా చెప్తారా? ఆమె బతుకంతా చేసిన పని అది. శుభ్రమైన ఆ కాపీలే కార్తీక చేతికిచ్చింది. కార్తీక వాటినే కొలిచి నివేదిక రాసింది.

ఆ సాయంత్రం వదిన అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. ఆమె ఏడవడం అంతకుముందు నేను చూసింది లేదు. అందులో అన్న ఒకడు, ఏమైంది ఏమైందని మధ్యలో. ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలంటే అరవాలి. రహస్యమంతా అలా అరిచి చెప్పాక ఇక వీధికి తెలియకుండా మిగిలిందేమీ లేదు.

నేనైతే నోరు మూసుకోమన్నాను. దాచి చెప్పడం దేనికి, అన్నది అన్నాను. నివేదిక పోయింది, కమిటీ వాళ్ళకు నచ్చేలాగే ఉంది, గాలిమరల కంపెనీలకూ నచ్చుతుంది. తప్పు జరిగిందని ఇప్పుడు లేచి చెబితే ఏడాది డబ్బు బూడిదలో పోశారని మిగతాది ఆపేస్తారు. నీ ఉద్యోగం పోతుంది, ఆ పిల్ల పేరు చెడుతుంది. కోరి కొరివితో తల గోక్కోవడం ఎందుకు వదినా అన్నాను.

వదిన కళ్ళు తుడుచుకుంది.

"పుష్పా, అది బతికుండే చప్పుడు. నేను చెత్తనుకోని ఊడ్చేసినాను. ఇప్పుడు ఆ రిపోర్టు చూసుకోని ఆడ ఏమీ లేదని గుంజలు దిగ్గొడతారు. అప్పుడు నిజంగానే ఏమీ ఉండదు."

నేను కంచం ఆమె ముందుకు జరిపాను. అన్న మాత్రం కంచంలో చెయ్యి కడుక్కుని నెమ్మదిగా అన్నాడు.

"వాల్వు తప్పు తిప్పినోడు పరిగెత్తుకోని వచ్చి చెప్తే తిట్టి వదిలేస్తాం. చెప్పకుండా టిఫినుకు పోయినోడి వల్లనే మనుషులు పొయ్యేది. పొద్దున్నే పోయి చెప్పు."

వదిన మొహంలో అప్పుడే కాస్త వెలుగొచ్చింది. అన్న మీద ఎన్నిసార్లు విసుక్కున్నానో గాని, ఆ పూట మా అన్న అని గర్వపడ్డాను.

పొద్దున కార్తీకకు చెప్పింది. ఆ పిల్ల కుర్చీలో కూలబడి, "ఇప్ప ఎన్న పన్రదు అత్తా?" అంది. ఇప్పుడేం చెయ్యాలో ఆమెకు తోచలేదు పాపం. మదర్ ఉంది, వదిన బొట్టు పెట్టిన డిస్కులు ఆఫీసు బీరువాలో భద్రంగా ఉన్నాయి, కాబట్టి సముద్రం పోలేదు. కానీ కమిటీ వచ్చేది మర్నాడే. అన్నిటినీ మళ్ళీ కొలవడానికి నెలలు పడుతుంది. కార్తీక ఒక దారి ఆలోచించింది. రేపు నివేదిక ప్రకారమే మాట్లాడదాం, డబ్బు రానీ, రెండో ఏడాదిలో మెల్లగా సరిచేద్దాం. డబ్బే రాకపోతే ఆ సముద్రాన్ని వినేవాళ్ళే ఉండరు కదా అత్తా అని బతిమాలింది. ఆ పిల్లనూ తప్పు పట్టలేం. ఆమె మాటలో న్యాయముంది.

వదిన ఒకటే అడిగింది, రెండో ఏడాది లోపల అక్కడ గుంజ దిగితే ఎవరు ఆపుతారని. కార్తీక లేచి తాళంచెవి తీసింది. తర్వాత ఇద్దరూ బీరువా తెరిచారు. ఉన్న ఆ ఒక్కరోజులో, మ్యాపులో వేలు పెట్టిన ఆ చోటు వరకైనా మదర్‌ను మళ్ళీ విని, మళ్ళీ కొలిచి పెట్టుకున్నారు. అంతకు మించి వాళ్ళ వల్ల కాలేదు.

కమిటీ పెద్ద జనార్దనం గారు విశాఖ వైపు మనిషి, రిటైరైన ప్రొఫెసరు. మిగతావాళ్ళు ఢిల్లీ వాళ్ళు. కార్తీక లేచి, నివేదికలో పొరపాటు ఉందనీ, మా బృందం వల్ల జరిగిందనీ మొదలుపెట్టింది. గదిలో మొహాలు మాడిపోయాయట. ఒకాయన పెన్ను మూత పెట్టేసి, ఏడాదంతా ప్రజల డబ్బుతో మీరు చేసింది ఇదా అని ఇంగ్లీషులో అడిగాడట. కార్తీకకు ఇంగ్లీషూ రాలేదు, తెలుగూ రాలేదు, తమిళమూ రాలేదు. అప్పుడు శబ్దం పెట్టె దగ్గర కూర్చున్న మా వదిన లేచి నిలబడింది.

"బృందం కాదండీ, నేను. సినిమాల్లో చప్పుడు తీసేసే పని నాది. సినిమాలో మాటే కథ, మిగతాదంతా అడ్డం. సముద్రంలో మాటలే లేవు కదా సార్, ఉండేదంతా కథే. అది నాకు తెలీలా. ఈ అమ్మాయిని నేను అడగలా, చెప్పలా."

జనార్దనం గారు ఆమె వైపు తిరిగి అడిగారట. ఆయన గొంతులో కోపం లేదని వదిన అంటుంది, ఉందని కార్తీక అంటుంది. వదిన చెవులనే నమ్ముతాను నేను.

"మరైతే అమ్మా, ఇప్పుడు మీరు వినిపించేది సరైనదని మేమెలా నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దు సార్. మదర్ మీద నా చెయ్యి పడలేదు. మీరే వినండి."

ఆమె ముందు తను తుడిచిన కాపీ వేసింది. ఒక డాల్ఫిన్ ఈల, చుట్టూ ఏమీ లేదు. తర్వాత అదే నిమిషాన్ని మదర్ నుంచి వేసింది. గది నాలుగు మూలలా ఒక్కసారిగా చిటపట లేచింది. గోడలూ బల్లలూ వేగిపోతున్నట్టు ఉందట. దాని మధ్యలో దూరంగా డాల్ఫిన్. పెన్ను మూత పెట్టినాయన మూత తీశాడు. జనార్దనం గారు కళ్ళు మూసుకుని చివరిదాకా విని, మళ్ళీ ఒకసారి వెయ్యమన్నారు. మూడోసారి ఎవరూ అడగకపోయినా వదినే వేసింది. ఆ ధైర్యం ఆమెదే. నేనైతే ఆ పాటికి కళ్ళు తిరిగి పడిపోయేదాన్ని.

వాళ్ళు నిర్ణయం తర్వాత చెప్తామని వెళ్ళిపోయారు. ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, అన్న తప్ప. వదిన మాత్రం రోజూ ఉద్యోగానికి వెళ్ళి, మదర్ కాపీలు తీసి, ఏదీ తీసెయ్యకుండా మొదటి నుంచి వింటూ వచ్చింది. డబ్బు రాకపోతే ఈ కష్టమంతా వృథా కదా అన్నాను. విన్నది వృథా కాదంది.

ఉత్తర్వు వచ్చింది. మొదటి నివేదికను వెనక్కి తీసుకోమన్నారు. కొత్తది వచ్చి, దాన్ని చూసేదాకా ఆ చోట గుంజ మాట ఎత్తకూడదన్నారు. మిగతా ఏళ్ళ డబ్బు పూర్తిగా ఇస్తున్నామన్నారు. కార్తీక ఆ వార్త ఫోనులో చెప్పకుండా స్వయంగా ఇంటికి వచ్చింది. స్వీటు డబ్బా తెచ్చి కూడా బల్లమీద పెట్టకుండా చేతిలోనే పట్టుకు నిలబడితే ఏదో ఉందని నాకు తెలిసిపోయింది. ఒక షరతు పెట్టారట. ఇకమీదట శబ్దం వినే ఉద్యోగాల్లో ఆ చదువు చదివిన డిగ్రీ వాళ్ళనే పెట్టాలి. వదిన చదువు పదో తరగతితో ఆగింది.

నాకు నెత్తిన నిప్పులు పోసినట్టయింది. నిజం చెప్పినందుకు ఇదా బహుమానం అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయకూడదు. కార్తీక ఏడుస్తోంది. వదిన ఆ పిల్ల చేతిలోంచి స్వీటు డబ్బా తీసుకుని, తెరిచి, ముందు ఆమె నోట్లోనే ఒక ముక్క పెట్టింది.

"నేను చేసిన పనికి ఆ షరతు పెట్టకపోతేనే తప్పు. డబ్బు సముద్రానికి అడిగినాం, సముద్రానికి వచ్చింది. ఏడస్తావెందుకు?"

ఆమె మనసులో బాధ లేదని కాదు. ఆ హెడ్‌ఫోన్ వదిలిపెట్టడం ఆమెకు ఎంత కష్టమో ఆ ఏడాదంతా ఆమెను చూసినదాన్ని, నాకు తెలుసు. కార్తీక కళ్ళు తుడుచుకుని, కొత్త నివేదిక చివర కృతజ్ఞతలు చెప్పే పేజీలో అత్త పేరు మొట్టమొదట వేస్తానని మాటిచ్చింది. అన్నా నేనూ సంతోషించాం. ఇన్నేళ్ళు ఇన్ని సినిమాలకు పనిచేసినా ఒక్క టైటిల్ కార్డులోనూ ఆమె పేరు పడలేదు. చప్పుడు తీసేసినవాళ్ళ పేరు ఎవరు వేస్తారు? ఇన్నాళ్ళకు అచ్చులో పడుతుంది కదా అనుకున్నాం.

వదిన ఒప్పుకోలేదు. పేరు వేస్తే ఆ పేజీలో వద్దంది. పొరపాటు గురించి రాసే చోట వెయ్యమంది. ‘కోడంబాక్కం వాసవాంబ ఈ చప్పుడును అక్కరలేనిదనుకుని తీసేసింది’ అని, పేరూ ఊరూ స్పష్టంగా రాయమంది. నాకు మతిపోయింది. జీవితంలో ఒకే ఒక్కసారి అచ్చులో పడే పేరు, తప్పు చేసిన మనిషిగానా అని కేకలేశాను. వదిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"థాంక్స్ చెప్పిన పేజీ ఎవరు చదవతారు పుష్పా? తప్పు ఎవరు చేసినారో అందరూ చదవతారు. చదివినోళ్ళు ఆమె తీసేసిన చప్పుడు ఏందని అడగతారు. నాకు అది చాలు."

కార్తీక ఒక్క మాట కూడా మార్చకుండా అలాగే రాసింది.